వాషింగ్ మెషిన్‌లోకి గోల్ఫ్ బంతి

ఉత్తర ఐర్లండ్‌లో తొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఇంట్లో వాషింగ్ మెషిన్ తలుపు తెరిచిపెట్టి, కాస్త ఎడంగా నిలబడి గోల్ఫ్ బంతుల్ని ఒక్కొక్కటే అందులోకి లేపి కొట్టేవాడు. సంగతి టీవీవాళ్ల చెవిన పడింది. స్టూడియోకే ఒక మెషిన్ తెప్పించి, ‘ఏదీ, కొట్టి చూపించు’ అన్నారు. చూపించాడు. ఆ కుర్రాడే రోరీ మెకిల్‌రాయ్. 2025లో మాస్టర్స్ కూడా గెలిచి, నాలుగు మేజర్ టోర్నీల లెక్క పూర్తిచేశాడు. అప్పట్లో వాళ్లమ్మ బట్టలు ఎప్పుడు ఉతుక్కునేదో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

పిల్లలకు గోల్ఫ్ అనగానే మనకు బంతిని ఆకాశానికి తగిలేలా బాదడమే గుర్తొస్తుంది. అనుభవమున్న కోచ్‌లు చాలామంది గుంత దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. ముందు అడుగు దూరం నుంచి నేలమీద దొర్లించడం, అంటే పట్టింగ్. తర్వాత బంతిని కొంచెం లేపి దగ్గర్లో పడేయడం, అదే చిప్పింగ్. బారు దెబ్బ ఆఖర్న. అడుగు దూరం నుంచి ఎవరు కొట్టినా పడుతుంది కాబట్టి పిల్లకు మొదటి నిమిషంలోనే గెలుపు రుచి తెలుస్తుంది. గోళీలు ఆడిన తరానికి ఇది కొత్తగా చెప్పాలా?

గోల్ఫ్ గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు బంతులు పక్కపక్కన పట్టినా ఇంకా చోటు మిగులుతుందన్నమాట. మంచినీళ్ల స్టీలు గ్లాసు మూతి అంతకంటే చిన్నది. మా ఎదురింటి పాప సాయంత్రాలు హాల్లో గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి, అది దొర్లకుండా రెండువైపులా నాన్న చెప్పులు ఆనించి, ఆరడుగుల దూరం నుంచి బంతిని అందులోకి తోస్తుంది. పడితే ‘ఠంగ్’మని మోగుతుంది. పడకపోతే సోఫా కిందికి పాకాలి. గ్లాసుకు అలవాటుపడ్డ కంటికి మైదానంలో గుంత గంగాళంలా కనిపిస్తుంది.

కర్ర విషయంలోనే పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడతారు. నాన్న పాత క్లబ్‌ను సగానికి కోసి ఇచ్చేస్తారు. కర్ర పొట్టిదవుతుంది గానీ కొసన ఇనుప తల బరువు అలాగే ఉంటుంది, కాడ ఇంకా బిరుసెక్కుతుంది. దాన్ని ఎత్తలేక పిల్లవాడు ఒళ్లంతా వంకర్లు తిప్పుతాడు, ఆ వంకరే అలవాటైపోతుంది. యూఎస్ కిడ్స్ గోల్ఫ్ కంపెనీ పిల్లల ఎత్తును బట్టి మూడేసి అంగుళాలకో సైజు చొప్పున తేలిక క్లబ్‌లు చేస్తుంది. వయసు చూసి కొనేస్తే స్కూలు యూనిఫాం కథే. బిళ్లంగోడు ఆడే పిల్లలు మాత్రం గోడును ఎవరూ చెప్పకుండానే తమ చేతికి సరిపడా నరుక్కునేవారు.

ఫిల్ మికెల్సన్‌ది ఇంకో తమాషా. ఆయన పుట్టుకతో కుడిచేతివాటం మనిషి. పసివాడిగా నాన్నకు ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మను చూసినట్టు ఆయన్ని అనుకరించాడు. దాంతో గోల్ఫ్ ఒక్కటే ఎడమచేతివాటం అయింది. దిద్దలేదు. ఆరు మేజర్లు గెలిచాడు.

నాలుగేళ్ల టైగర్ వుడ్స్‌ను చూసి అతని తొలి కోచ్ రూడీ డురాన్ ఒక మంచి ఉపాయం చేశాడు. పెద్దవాళ్లకు ‘పార్ మూడు’ అని రాసిపెట్టిన గుంత నాలుగేళ్లవాడికి మూడు దెబ్బల్లో అందదు. అందుకని వాడి బలానికి ఎన్ని దెబ్బలు న్యాయమో గుంత గుంతకూ లెక్కగట్టి ‘టైగర్ పార్’ తయారుచేశాడు. ఇప్పుడు ఆ పనికి కోచే అక్కర్లేదు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో గరిష్ఠ హ్యాండిక్యాప్ 54. పద్దెనిమిది గుంతలకు పంచితే గుంతకు మూడు దెబ్బలు మినహాయింపు. అలా పదేళ్ల కూతురు తండ్రితో సరిసమానంగా పందెం కాయొచ్చు. ఓడిన తండ్రుల మొహాలు చూడాల్సిందే.

బెంగళూరులో అదితి అశోక్ కుటుంబంలో అంతకుముందు గోల్ఫ్ ఆడినవాళ్లే లేరు. వాళ్లు టిఫిన్‌కు వెళ్లే రెస్టారెంట్‌లోంచి గోల్ఫ్ మైదానం కనిపించేది. అయిదేళ్ల పిల్ల ‘అదేంటి?’ అంది. వెళ్లి చూశారు, అందరూ కలిసి నేర్చుకున్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో పద్దెనిమిదేళ్ల అదితి బ్యాగు మోసింది నాన్న. టోక్యోలో నాలుగో స్థానం వచ్చినప్పుడు మోసింది అమ్మ.

అన్ని కథలూ టిఫిన్‌తో మొదలవవు. కోల్‌కతాలో ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి. కొడుకు ఆట అక్కడే నేర్చాడు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. చిప్పింగ్, పట్టింగ్‌లో అతని పనితనం చూసి తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరు ‘చిపుట్‌సియా’. స్పెయిన్‌లో సెవె బాలెస్టెరోస్ చేతికి చిన్నప్పుడు దొరికింది ఒకే ఒక్క త్రీ ఐరన్ క్లబ్. సముద్రపు ఇసుకలో ప్రతి దెబ్బనూ దాంతోనే కొట్టాల్సి వచ్చింది.

స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్‌లో తొమ్మిది గుంతల పిల్లల మైదానం ఉంది. అక్కడ పెద్దవాళ్లు ఒంటరిగా ఆడకూడదు, వెంట ఒక పిల్లో పిల్లాడో ఉండాల్సిందే. మన పార్కుల్లో పిల్లలు ఊయలకోసం పెద్దవాళ్లను బతిమాలడం చూసినప్పుడల్లా ఆ నియమం గుర్తొస్తుంది.

మహిళలకు 2012 దాకా సభ్యత్వం ఇవ్వని అగస్టా నేషనల్ క్లబ్‌లో 2014 నుంచి మాస్టర్స్‌కు ముందు ఆదివారం 7 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లలూ మగపిల్లలూ డ్రైవ్, చిప్, పట్ పోటీలకు దిగుతున్నారు. తొలి ఏడాది ఫైనల్లో ఆడిన అక్షయ్ భాటియా 2024లో అదే చోట అసలు మాస్టర్స్ ఆడాడు. ఆ పిల్లల పోటీ నుంచి అంతదాకా వచ్చిన మొదటివాడు అతనే.

అదే 2014లో పైన్‌హర్స్ట్‌లో అమెరికా మహిళల ఓపెన్‌కు పదకొండేళ్ల లూసీ లి అర్హత సాధించింది. అర్హత పోటీల్లో నెగ్గి అంత చిన్నవయసులో అక్కడికి చేరినవాళ్లు అప్పటిదాకా లేరు. రెండు రోజులూ 78 చొప్పున కొట్టి, మూడో రోజుకు మిగల్లేదు. మొదటి రోజు ఆట ముగిశాక ప్రెస్ మీట్‌కు వచ్చింది. పెద్ద పెద్ద విలేకరులు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే, చేతిలో ఐస్‌క్రీమ్ కరిగిపోకుండా తింటూ నవ్వుతూ జవాబులు చెప్పింది.