జాడీల అర... జారకుండా!

వంటింట్లో ఆవకాయ జాడీల అర కూలితే పలకనే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు దాన్ని మోసే ఇనుప బ్రాకెట్‌ది. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ, హాక్సా, డ్రిల్లు, సుత్తి, వైస్ చాలు. బెజ్జాలు ముందే వేసుకుని, పట్టీని వైస్‌లో బిగించి 'ఎల్' ఆకారంలో వంచాలి.

అసలు కిటుకు కాళ్ల పొడవులో ఉంది. చాలామంది పొడుగు కాలును పలక కింద, పొట్టిదాన్ని గోడకు పెడతారు. అదే కొంప ముంచేది! 30 సెంటీమీటర్ల వెడల్పు పలక మీద ఒక్కో బ్రాకెట్‌కు 20 కిలోల బరువు పడిందనుకోండి. గోడ కాలు 10 సెంటీమీటర్లే ఉంటే, పై స్క్రూను గోడలోంచి లాగే బలం సుమారు 30 కిలోలు. అదే కాలు 30 సెంటీమీటర్లుంటే 10 కిలోలే. స్క్రూ పై చివరన ఉండాలి, దాని ప్లగ్ గచ్చు దాటి ఇటుకలోకి దిగాలి.

ఇంత బరువుకు ఒట్టి పట్టీ వంగిపోతుంది. మూలకు ఏటవాలుగా ఇంకో ముక్కను ఊతగా వెల్డింగ్ చేయించాల్సిందే. పచ్చడి ఉప్పుకు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి రెడాక్సైడ్ పూసి, పైన రంగు వేయాలి.

రెండు బ్రాకెట్ల అరైతే, జాడీలు ఎక్కించేముందు 10 లీటర్ల నీళ్ల బకెట్లు నాలుగు పెట్టి ఓ రాత్రి వదిలేయండి. పిల్లల్ని మాత్రం అటువైపు పోనివ్వకండి.