ఆటగాడి వేలు – స్వరకర్త శ్రమ

వీడియో ఆటల సంగీతానికి సాహిత్య విమర్శలో చోటేమిటని మిత్రులు అడగవచ్చు. నా విద్యార్థి ఒకడు ఆట ఆడుతూ, "పాట నన్ను చూసి మారుతోంది మాస్టారూ, సగం నేనే వాయిస్తున్నట్టుంది" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. పాఠకుడు రచనలో భాగస్వామి అని మనం తరచూ చెప్పుకుంటాం. ఆ భాగస్వామ్యం వాస్తవమా, భ్రమా అన్న ప్రశ్నే ఇక్కడా ఉంది.

సినిమాలో ఏ దృశ్యం ఎంతసేపు నడుస్తుందో సంగీత దర్శకుడికి ముందే తెలుసు. ఆటలో తెలియదు. ఆటగాడు ఒక గుమ్మం ముందు క్షణం నిలబడవచ్చు, గంట నిలబడవచ్చు. కనుక సంగీతం అతని చర్యను అనుసరించక తప్పదు.

1978లో జపాన్‌లో టొమోహిరో నిషికాదో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో ఉన్నవి నాలుగే మంద్రస్వరాలు. 55 మంది శత్రువులు కూలేకొద్దీ మిగిలినవారి నడకా, ఆ స్వరాల లయా వేగం పుంజుకుంటాయి. నడక వేగానికి మూలం యంత్రం పరిమితి. గీయవలసిన బొమ్మలు తగ్గితే అది త్వరగా పని ముగిస్తుంది. నిషికాదో దాన్ని సరిదిద్దక, ఆటకు బిగువుగా మలచుకున్నాడు. గెలుపు దగ్గరయ్యేకొద్దీ భయం పెరుగుతుంది. సాధనం శిల్పాన్ని నిర్ణయించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అరుదు.

1991లో అమెరికాలో వచ్చిన 'మంకీ ఐలాండ్ 2' మరో మెట్టు. మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే స్వరకర్తలు 'ఐమ్యూజ్' అనే విధానాన్ని రూపొందించి ఇందులో తొలిసారి వాడారు. పాత ఓడలతో కట్టిన ఊడ్‌టిక్ అనే ఊళ్లో కథానాయకుడు ఒక చోటినుంచి మరో చోటికి వెళితే బాణీ తెగదు. స్వరకర్త ముందుగా గుర్తుపెట్టిన మలుపు వచ్చేదాకా ఆగి, ఒక చిన్న సంధి వాక్యం మీదుగా కొత్త వాయిద్యాల్లోకి సాగుతుంది. అంటే స్వరకర్త రాసింది ఒక్క పాట కాదు, పాటకు సాధ్యమైన దారులన్నీ. 1994లో ఈ విధానం మీద లూకాస్‌ఆర్ట్స్ కంపెనీకి పేటెంట్ దక్కింది. కళాపద్ధతి కూడా ఆస్తి అయింది!

2001లో తెత్సుయా మిజుగూచి సారథ్యంలో వచ్చిన 'రెజ్'లో ఆటగాడి దెబ్బే స్వరమవుతుంది. అయితే అతను ఏ క్షణాన మీట నొక్కినా, ధ్వని తాళంలో పడేలా యంత్రం సర్దుతుంది. అతను తాళం తప్పలేడు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. మన పద్యనాటకంలో నటుడు రాగం సాగదీస్తే హార్మోనిస్టు వెంట నడుస్తాడు. ఒక్కోసారి తానే కొత్త సంగతి అందించి నటుణ్ణి ముందుకు తోస్తాడు. ఇద్దరూ తప్పగలరు, తప్పులోంచి నేర్వగలరు. ఆటలో అనుసరణ ఉంది గాని, ఎదురు ప్రశ్న లేదు. ఏం చేస్తే ఏం వినిపించాలో ముందే నిర్ణయమై ఉంది.

అంతమాత్రాన దీన్ని మోసమని కొట్టిపారేయడం సంకుచితత్వమే. ఎప్పుడు అన్నది ఆటగాడి వేలు నిర్ణయిస్తుంది. ఏమిటి అన్నది స్వరకర్త శ్రమ నిర్ణయిస్తుంది. కుర్రవాడు అన్న 'సగం'లో నిజం ఉంది. ఆ రెండో సగం వెనకున్న మనుషులను అతనికి చూపించడం విమర్శకుడి పని. ఇక రచయితలకు నా మనవి ఒక్కటే. పాఠకుణ్ణి భాగస్వామిగా పిలిచినప్పుడు, మనతో విభేదించే చోటు కూడా అతనికి వదలాలి. అది లేని స్వేచ్ఛ, తాళం తప్పనివ్వని వాయిద్యం లాంటిదే.