పిల్లల వెంట వెళ్ళేవారికి ప్రథమ చికిత్స

సెలవులొచ్చాయంటే మన అనకాపల్లి కుర్రాళ్ళు శారదా నదికో, పూడిమడక సముద్రానికో పరుగు తీస్తారు. 2022 జూలైలో పూడిమడక తీరంలో అలలకు కొట్టుకుపోయిన ఇంజనీరింగు విద్యార్థులు తలపుకొస్తే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళే స్కౌటు మాస్టర్లు, గైడు కెప్టెన్లు, ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లు ప్రథమ చికిత్స నేర్చుకుని తీరాలి. రెడ్ క్రాస్ వారు, సెయింట్ జాన్ అంబులెన్సు వారు ఈ శిక్షణ ఇస్తూంటారు.

ఇందులో నేర్చుకోవలసిన దానితోపాటు మానుకోవలసిందీ చాలా ఉంది. ఎవరైనా మునిగిపోతుంటే వెంటనే దూకేయకూడదు. మునిగేవాడు భయంతో, ఈత వచ్చినవాణ్ణి కూడా పెనవేసుకుని కిందికి లాగేస్తాడు. తాడో, పొడుగాటి కర్రో, చీరో అందించాలి. ఒడ్డుకు చేర్చాక మనవాళ్ళు ఏం చేస్తారు? తల మీద బోర్లా వేసుకుని గిరగిరా తిప్పుతారు, నీళ్ళు కక్కించాలని పొట్ట నొక్కుతారు. అదే ప్రమాదం! కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి. తర్వాత రొమ్ము నడిమి ఎముక మీద 30 నొక్కులు, 2 ఊదులు, మళ్ళీ 30 నొక్కులు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం ఉండాలి. పెద్దవారికైతే రొమ్ము 5 సెంటీమీటర్లు దిగాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చెయ్యాలి. తేరుకుని కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టవచ్చు.

ఇదంతా విన్నంత మాత్రాన రాదండీ. పుస్తకం చూసి దోసె పోయడం ఎవరికొచ్చింది? శిక్షణలో బొమ్మను పెట్టి నొక్కిస్తారు. రెండు నిమిషాలకే చేతులు పీకుతాయి. అందుకే ఇద్దరు వంతులవారీగా నొక్కాలని అక్కడే తెలుస్తుంది.

మూర్ఛ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకా చూస్తూనే ఉన్నాం. అవేవీ వద్దు. చుట్టూ ఉన్న రాళ్ళూ రప్పలూ తీసి, కుదుపులు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108ని పిలవాలి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం కూడదు. ఆ కాలో చెయ్యో కదపకుండా, నడిపించకుండా, విషానికి మందున్న ఆసుపత్రికి చేర్చాలి.

ఈసారి మీ అబ్బాయి పిక్నిక్కు కాగితం సంతకానికి తెస్తే, డబ్బెంతరా అని అడిగే ముందు, వెంట వచ్చేవారిలో ఈ శిక్షణ ఎవరు పొందారో కనుక్కోండి. ఎప్పుడో పదేళ్ళ కిందట అని జవాబొస్తే, వారిని ఇంకోసారి పంపమని స్కూలువారికి చెప్పండి.