మోటారు సైకిలు పళ్ళ బెల్టు: సంరక్షణ, మార్పిడి

పిండిమరకు వెళ్ళిన వారందరును బెల్టును చూచియే ఉందురు. మోటారు నుండి మర వరకు వెడల్పాటి బెల్టు పరుగెత్తుచుండును. గింజలు ఒక్కసారిగా ఎక్కువ పడినచో మర బరువెక్కును, బెల్టు జారును. అప్పుడు మరవాడు దాని లోపలి వైపున బంక వంటి ముద్దను రాచి మరల పట్టు కలిగించును. ఒకప్పుడు మోటారు సైకిళ్ళు కూడ ఇటువంటి బెల్టుతోనే నడచినవి. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇంజను శక్తిని వెనుక చక్రమునకు అందించినది తోలు బెల్టే. వాన కురిసినచో అది జారెడిది. కొంతకాలము నడచిన పిమ్మట సాగెడిది. అందుచేత క్రమముగా చైను దాని స్థానమును ఆక్రమించినది. చైను జారదు. కాని అది తరచుగా నూనె కోరును, దుమ్మును పట్టును. దాని పిన్నులు అరిగిన కొలది పొడవు పెరుగును.

బెల్టు మరల వచ్చినది 1980లో. ఆ సంవత్సరమున అమెరికాలోని హార్లే డేవిడ్సన్ సంస్థ స్టర్జిస్ అను నమూనాను బెల్టుతో విడుదల చేసినది. తరువాత ఆ సంస్థ బండ్లలో బెల్టే సాధారణమైనది. అయితే ఈ క్రొత్త బెల్టునకు, పాత తోలు బెల్టునకు పేరులో తప్ప పోలిక తక్కువ. దీని లోపల ఏమున్నదో తెలిసినచో దీనిని ఎట్లు చూచుకొనవలెనో, ఎప్పుడు మార్చవలెనో సులభముగా బోధపడును. తెలియనిచో చైనుకు చేయు ఉపచారములనే దీనికిని చేసి, మంచి బెల్టును మన చేతులతోనే పాడుచేయుదుము.

బెల్టు లోపల ఏమున్నది?

ఈ బెల్టు లోపలి వైపున రబ్బరు లేక పాలీయురెథేన్ అను ప్లాస్టిక్ జాతి పదార్థముతో చేసిన పళ్ళు వరుసగా ఉండును. ఇంజను వైపున చిన్న పళ్ళ చక్రము, వెనుక చక్రము వైపున పెద్ద పళ్ళ చక్రము ఉండును. బెల్టు పళ్ళు ఈ చక్రముల గాళ్ళలో ఇమిడి నడచును. కావున ఇది పిండిమర బెల్టు వలె కేవలము రాపిడి మీద ఆధారపడదు, వానలోనైనను జారదు.

పళ్ళు శక్తిని అందుకొనును గాని, బెల్టు బలము పళ్ళలో లేదు. మగ్గము మీద పడుగు ఎట్లు పొడవునా సాగునో, అట్లే బెల్టు లోపల సన్నని పోగులు పక్కపక్కగా పొడవునా చుట్టబడి ఉండును. లాగుడు బలమునంతను భరించునవి ఈ పోగులే. వీటిని సాధారణముగా అరామిడ్ జాతి నారతో చేయుదురు. కొన్ని బెల్టులలో కార్బన్ నారను వాడుదురు. అరామిడ్ నారలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కెవ్లార్. డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు 1965లో చేసిన పరిశోధన దానికి మూలము. సమానమైన బరువు గల ఉక్కుతో పోల్చినచో కెవ్లార్ సుమారు అయిదు రెట్లు బలమైనది.

ఈ పోగులు మోయు భారమెంతో ఒక చిన్న లెక్క వలన తెలియును. బండి గంటకు 90 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 25 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. వెనుకనున్న పళ్ళ చక్రము వ్యాసము బండి చక్రపు వ్యాసములో సగమైనచో, బెల్టు వేగము సెకనుకు 12.5 మీటర్లు. ఇంజను 30 కిలోవాట్ల శక్తిని అందించుచున్నచో, శక్తిని వేగముతో భాగింపగా బెల్టు మీద లాగుడు 2,400 న్యూటన్లు. అనగా సుమారు 245 కిలోల బరువు. దాదాపు అయిదు ఏబది కిలోల బియ్యపు బస్తాలను వ్రేలాడదీసినట్లు! ఈ బెల్టుల వెడల్పు బండిని బట్టి సుమారు 20 నుండి 38 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇంతటి బలము గల పోగునకు ఒక బలహీనత కలదు. లాగినచో అది మిక్కిలి గట్టిది. మడిచి నొక్కినచో లోపలనే నలిగి విరుగును. ఒకసారి నలిగిన పోగు మరల బాగుపడదు. బెల్టు పైపొర మాత్రము చెక్కుచెదరకుండ ఉండవచ్చును. ఆ విధముగా దెబ్బతిన్న బెల్టు కొంతకాలము నడచి, ఒకనాడు ఎటువంటి సూచన లేకుండ తెగును. చైను తెగినచో ఒక లింకు వేసి దారిలోనే అతుకవచ్చును. బెల్టు అతుకు లేని వలయము. అది తెగినచో ఇంజను తిరుగుచున్నను బండి కదలదు. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకొన్నచో క్రింది జాగ్రత్తలన్నిటికిని కారణము తెలియును.

బిగువు

బెల్టు మరీ వదులుగా ఉన్నచో, ఒక్కసారిగా వేగము పెంచినప్పుడు పళ్ళు గాళ్ళ నుండి పైకి లేచి పక్క గాళ్ళలోనికి దూకును. అట్లు దూకునప్పుడు పళ్ళు చీలును, పోగులు నలుగును. మరీ బిగువుగా ఉన్నచో పోగుల మీద ఎల్లప్పుడును అనవసరమైన లాగుడు ఉండును. గేరు పెట్టె ఇరుసు, చక్రపు బేరింగులు కూడ త్వరగా అరుగును. కావున "ఎంత బిగువుగా ఉన్న అంత మంచిది" అనుట పొరపాటు.

బిగువును వ్రేలితో నొక్కి అంచనా వేయుట చాలదు. ఇందుకు స్ప్రింగు గల చిన్న కొలత సాధనము లభించును. రెండు పళ్ళ చక్రముల నడుమ, బెల్టు క్రింది వరుస మధ్యభాగమున దానితో సుమారు 4.5 కిలోల బలముతో పైకి నొక్కి, బెల్టు ఎంత కదలినదో కొలువవలెను. ఎంత కదలవలెనో, కొలుచునప్పుడు బండి నేల మీద నిలువవలెనా, పైకి ఎత్తి ఉంచవలెనా అనునది ఆ బండి పుస్తకములో ఉండును. ఒక బండి కొలత మరియొక దానికి పనికిరాదు.

ఇచ్చట రెండు విషయములు మరువరాదు. మొదటిది: ఇంజను చల్లబడిన తరువాతనే కొలువవలెను. రెండవది: పళ్ళ చక్రములు ఖచ్చితముగా గుండ్రముగా ఉండవు. కావున బండి చక్రమును కొంచెము కొంచెముగా త్రిప్పుచు పలుచోట్ల కొలిచి, బెల్టు ఎక్కడ అన్నిటికంటె బిగువుగా ఉన్నదో అక్కడి కొలతనే లెక్కకు తీసికొనవలెను.

వెనుక చక్రము తిన్నగా ఉన్నదా?

వెనుక చక్రమును పట్టుకొని పైకి క్రిందికి ఊగు చట్రమును స్వింగ్ ఆర్మ్ అందురు. చక్రపు ఇరుసు దీని రెండు కొమ్మల నడుమ ఉండును. ఒక వైపు మరను ఎక్కువగా, రెండవ వైపు మరను తక్కువగా త్రిప్పినచో ఇరుసు వంకరగా నిలుచును. అప్పుడు బెల్టు పళ్ళ చక్రపు అంచునకు ఒరసికొని నడచును. పోగుల భారము వెడల్పునంతటను సమముగా పడక ఒక అంచు మీదనే పడును. స్వింగ్ ఆర్మ్ కీలు మధ్యబిందువు నుండి ఇరుసు మధ్యబిందువు వరకు గల దూరమును రెండు వైపుల కొలిచి సమానముగా నుండునట్లు సరిచేయవలెను. గట్టి తీగను వంచి చేసికొన్న కొలబద్ద ఈ పనికి చాలును.

పరీక్షించు విధము

పరీక్షకు ముందు ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచవలెను. వెనుక చక్రమును చేతితోనే త్రిప్పవలెను. ఇంజను నడిపి త్రిప్పరాదు. బెల్టునకు, పళ్ళ చక్రమునకు నడుమ వ్రేలు పడినచో వ్రేలు దక్కదు.

దీపపు వెలుతురులో బెల్టు లోపలి పళ్ళను, రెండు అంచులను, వీపును పూర్తిగా ఒక చుట్టు చూడవలెను. పళ్ళ మొదట లోపలి వైపున మాత్రమే వెంట్రుకవాసి బీటలు ఉన్నచో బండిని నడపవచ్చును. కాని అవి పెరుగుచున్నవేమో గమనించుచుండవలెను. అంచున పోగులు కొంచెముగా నూలు వలె లేచినను, వెలుపలి అంచు ఏటవాలుగా అరిగినను అట్లే గమనించుచు నడపవచ్చును. అయితే అంచు అరిగినప్పుడు చక్రము తిన్నగా ఉన్నదా అని తప్పక చూడవలెను. బీట వెలుపలికి కనబడినను, ఒక్క పన్ను ఊడినను, పళ్ళు కొక్కెము వలె ఒక వైపునకు అరిగినను, రాయి దెబ్బ అంచున పడినను బెల్టును మార్చుటయే మార్గము.

బెల్టుతోపాటు పళ్ళ చక్రములను కూడ చూడవలెను. అల్యూమినియముతో చేసిన చక్రములకు గట్టి క్రోమియము పూత ఉండును. గాడి అడుగున పదునైన కత్తి మొనను ఒక మోస్తరు ఒత్తిడితో లాగవలెను. గీత పడక మొన జారిపోయినచో పూత నిలిచి ఉన్నట్లు. గీత పడినచో పూత అరిగి మెత్తని అల్యూమినియము బయటపడినట్లు. అటువంటి చక్రము మీద క్రొత్త బెల్టును వేయుట డబ్బు దండుగ. గరుకైన గాళ్ళు క్రొత్త పళ్ళను త్వరలోనే తినివేయును.

క్రొత్త బెల్టు వేయుట

చైనును ఒక లింకు వద్ద విప్పి తీయవచ్చును. బెల్టునకు అట్టి లింకు లేదు. అది స్వింగ్ ఆర్మ్ చుట్టును గాని, దాని కొమ్మ గుండా గాని పోవుచున్నచో ఆ భాగములను విప్పక తప్పదు. హార్లే పెద్ద బండ్లలో ముందరి పళ్ళ చక్రము క్లచ్చి పెట్టె వెనుక దాగి ఉండును. కావున అచ్చట క్లచ్చిని, దాని పెట్టెను తీసిన పిమ్మటనే బెల్టు బయటకు వచ్చును. ఇది అనుభవము గల పనివాని పని. ముందరి చక్రము వెలుపలనే ఉన్న బండ్లలో పని తేలిక.

ముందుగా బండిని కదలకుండ నిలిపి, వెనుక భాగమును జాకీతో ఎత్తవలెను. బెల్టు కప్పును తీసి, ఇరుసు నట్టును వదులుచేసి, రెండు వైపుల మరలను సమానముగా త్రిప్పి చక్రమును ముందునకు నెట్టవలెను. అప్పుడు బెల్టు వదులై చక్రము మీది నుండి వచ్చును. వదులు చేయకుండ స్క్రూడ్రైవరుతో మీటి తీయుట, వేయుట ఎన్నడును చేయరాదు. ఆ ఒక్క మీటుతోనే పోగులు నలుగును. పాత బెల్టునే తిరిగి వేయదలచినచో, తీయుటకు ముందే అది తిరుగు దిశను బాణపు గుర్తుతో వీపు మీద గుర్తించుకొని, అదే దిశలో వేయవలెను.

క్రొత్త బెల్టును పెట్టె నుండి తీసినది మొదలు జాగ్రత్త కావలెను. చిన్న పళ్ళ చక్రము కంటె చిన్న చుట్టగా దానిని మడువరాదు, పళ్ళు వెలుపలికి వచ్చునట్లు వెనుకకు వంచరాదు, మెలి పెట్టరాదు, మేకునకు తగిలించి ఉంచరాదు. బెల్టును ముందు చిన్న చక్రము మీద, పిమ్మట పెద్ద చక్రము మీద అమర్చి, బిగువును, ఇరుసు సమానతను సరిచేయవలెను. చివరకు టార్క్ రెంచితో ఇరుసు నట్టును పుస్తకములో చెప్పిన మేరకు బిగించి, బిగువును మరియొకసారి చూడవలెను. నట్టు బిగించునప్పుడు ఇరుసు కొంచెము కదలుట సాధారణము. క్రొత్త బెల్టు మొదట కొంత సర్దుకొనును. హార్లే బండ్లకు మొదటి 1,600 కిలోమీటర్లకు ఒకసారి, తరువాత సుమారు 8,000 కిలోమీటర్లకు ఒకసారి తనిఖీ చేయుట వాడుక. మట్టి రోడ్ల మీద తిరుగు బండికి ఇంకను ముందుగా చేయుట మేలు.

శుభ్రత

బెల్టునకు నూనె గాని, గ్రీజు గాని, బంక గాని అక్కరలేదు. నూనె రబ్బరును ఉబ్బించి మెత్తపరచును. దాని మీద దుమ్ము అంటి ఆకురాయి వలె పళ్ళను అరగదీయును. పెట్రోలుతో తుడుచుట కూడ హానికరమే. కొద్దిగా సబ్బు కలిపిన నీటితో మెత్తని కుంచెతో కడిగి ఆరనిచ్చిన చాలును. అన్నిటికంటె పెద్ద శత్రువు కంకర. చిన్న రాయి ఒకటి బెల్టునకు, చక్రమునకు నడుమ చిక్కినచో ఆ భారమంతయు దాని మొన మీదుగా పోగులను త్రెంచును. క్రింది కప్పు ఊడినచో వెంటనే మరల బిగించుట, కంకర రోడ్డు మీద ప్రయాణము ముగిసిన పిమ్మట గాళ్ళలో చిక్కిన రాళ్ళను తీసివేయుట అలవాటు చేసికొనవలెను.

స్కూటరు బెల్టు వేరు

మన ఊళ్ళలో తిరుగు గేరు లేని పెట్రోలు స్కూటర్లలో కూడ బెల్టు కలదు. కాని అది పెట్టెలో మూయబడి, వాలు పక్కలతో రెండు కప్పీల నడుమ రాపిడి వలన నడచునది. పైన చెప్పిన బిగువు లెక్క దానికి వర్తింపదు. నిర్ణీత దూరము నడచిన పిమ్మట విప్పి చూచి మార్చుటయే దాని పద్ధతి. ఏథర్ 450 వంటి కొన్ని విద్యుత్ స్కూటర్లలో మాత్రము పళ్ళ బెల్టే వెనుక చక్రమును త్రిప్పును. కావున అమెరికా పెద్ద బండ్లకు చెప్పిన మాటలలో పెక్కు ఇప్పుడు మన ఇంటి ముందరి బండికిని ఉపయోగించును.

చైను తన అవస్థను చప్పుడుతో చెప్పుకొనును. సాగినప్పుడు వ్రేలాడి చూపును. బెల్టు నిశ్శబ్దముగా పని చేయును, నిశ్శబ్దముగానే అలసిపోవును. కావున అది అడుగకున్నను నెలకొకసారి దీపము పట్టి చూచుట బండి గలవారి వంతు.