వానలు, నట్టలు, అడవి జింకలు

క్షయరోగమునకు మందు కనిపెట్టని దినములలో వైద్యులు రోగికి మంచి గాలి, ఎండ, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి ఈ నాలుగింటినే చికిత్సగా విధించుచుండిరి. అట్టి గాలి దొరకు చోటు వెదకి 1915వ సంవత్సరమున మదనపల్లె చెంత ఒక ఆరోగ్యశాలను నెలకొల్పిరి. డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని పెక్కేండ్లు నడపెను. ఆ చోటికి ఆరోగ్యవరము అను పేరు స్థిరపడినది. సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల యెత్తున నున్న ఆ ప్రదేశపు పొడిగాలి రోగులకు మేలుచేయునని నాటివారి విశ్వాసము.

గాలివానలకును రోగములకును గల సంబంధము మనుష్యులతోనే తీరిపోవునది కాదు. అదే గాలి పీల్చుచు, అదే వానకు తడియుచు బ్రతుకు అడవి జింకల ఆరోగ్యమును గూడ చాలవరకు ఋతువులే నిర్ణయించుచున్నవి. ఆ జింకలకు వైద్యుడు లేడు; పథ్యము పెట్టువారు లేరు.

మదనపల్లెకు చేరువనే 1265 మీటర్ల యెత్తు గల హార్స్లీ కొండ కలదు. అచ్చటినుండి దక్షిణమునకు పోయినచో పుంగనూరు, దానిని దాటి పలమనేరు, ఆపైన మూడు రాష్ట్రములు కలియు మూలను కుప్పము వచ్చును. దారిపొడవున ఎఱ్ఱనేలలు, బండరాతి గుట్టలు, చెరువులు, చిట్టడవులు కనబడును. పలమనేరు, కుప్పము ప్రాంతములలోని అడవిని 1990వ సంవత్సరమున కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 358 చదరపు కిలోమీటర్లు. 1980 దశకములో పొరుగు అడవులనుండి వచ్చి చేరిన ఏనుగుల వలన ఆ వనమునకు పేరు వచ్చినది. ఏనుగులను గూర్చి వార్తాపత్రికలు వ్రాయును. అదే వనమున తుమ్మపొదలనడుమ మెలగు చుక్కల దుప్పులను, కణుజులను గూర్చి తలచువారు తక్కువ.

ఒక ప్రాణి మరియొక ప్రాణి దేహముపై గాని దేహములో గాని చేరి, దాని ఆహారముతోనో రక్తముతోనో బ్రతికినచో దానిని పరాన్నజీవి యందురు. జింక చర్మమునంటి రక్తము పీల్చు పిడుదులు అట్టివి. ఊపిరితిత్తులలో చేరు సన్నని పురుగులు, కాలేయములో నివసించు జలగలు, కడుపులోని నట్టలు అట్టివే. పరాన్నజీవి యొకటియు లేని అడవిజింక యుండదనుట అతిశయోక్తి కాదు. కొద్దిపాటి నట్టలను భరించుట జింకకు కష్టము గాదు. జింక చచ్చినచో దాని కడుపులోని నట్టయు చచ్చును గదా! ఉభయులును చిరకాలముగా ఒకరికొకరు అలవాటుపడిన వారే. ఆ అలవాటు చెడినపుడే చిక్కు వచ్చును.

గొఱ్ఱెలకాపరులు నట్టలని పిలుచు వానిలో హీమాంకస్ అనునది మిక్కిలి క్రూరమైనది. నెమరువేయు జంతువుల నాలుగవ కడుపు దాని నివాసము. ఆడుపురుగు పొడవు 2 మొదలు 3 సెంటీమీటర్లు. రక్తముతో నిండిన దాని ఎఱ్ఱని పేగు చుట్టును తెల్లని అండకోశము మెలివేసికొని యుండుటచే అది ఎఱుపు తెలుపు దారములు పేనిన త్రాడువలె కనబడును. చూచుటకు ముచ్చటైనదే గాని, పని మాత్రము దారుణము. ఒక్కొక్క నట్ట దినమునకు మిల్లీలీటరులో ఇరువదియవ వంతు రక్తమును పీల్చునని లెక్క. వేయి నట్టలున్నచో దినమునకు 50 మిల్లీలీటర్లు పోవును. పది కిలోల బరువుగల జింకపిల్ల శరీరములో ఉండు రక్తము ఇంచుమించు ముప్పాతిక లీటరు. ఆ పిల్ల ఎన్నాళ్లు తట్టుకొనగలదో పాఠకులే గణించుకొనవచ్చును. రక్తము క్షీణించిన జంతువునకు కనురెప్పల లోపలి భాగము పాలిపోవును. దవడ క్రింద నీరుచేరి సంచివలె వ్రేలాడును. మందతో పరుగెత్తలేక వెనుకబడును. వెనుకబడినదానిని చిరుతపులి పట్టుకొనును. చూచినవారు చిరుతపులి చంపినదనియే చెప్పుదురు.

ఈ నట్ట జంతువు కడుపులోనే వృద్ధిపొందజాలదు. ఆడుపురుగు దినమునకు 5 వేలు మొదలు 10 వేల వరకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో నేలపై పడవలెను. అచ్చట తడియు వెచ్చదనమును దొరకవలెను. రెండును దొరకినచో గ్రుడ్లు పగిలి, వారము లోపుననే పిల్లపురుగులు జంతువు కడుపున చేరుటకు సిద్ధమగును. అప్పుడవి మంచుబిందువుల తడిని ఆధారము చేసికొని గడ్డిపరకల మీదికి ప్రాకును. ఆ దశలో అవి ఏమియు తినవు. దేహములో దాచుకొన్న శక్తితోనే బ్రతుకును. కావున ఎండ తీవ్రమైనచో ఆ శక్తి త్వరగా కరగిపోవును, తడి లేనిచో దేహము ఎండిపోవును. తెల్లవారుజామున మేతకు వచ్చిన జింక ఆ తడిగడ్డిని కొరికెనా, మూడువారములలో దాని కడుపున గ్రుడ్లుపెట్టు క్రొత్తతరము సిద్ధమైనట్లే.

మదనపల్లె, కుప్పము ప్రాంతముల ఋతుచక్రమును దీనితో పోల్చి చూడవలెను. ఇచ్చట నైరుతి ఋతుపవనములును, ఈశాన్య ఋతుపవనములును రెండును వర్షము నిచ్చును. అందుచే జూను మొదలు నవంబరు వరకు నేల మాటిమాటికి తడియుచుండును. అక్టోబరు, నవంబరు నెలలలో మబ్బు కమ్మియుండును, గడ్డి ఏపుగా పెరుగును, ఎండ తగ్గును. నట్టల కదియే పండుగకాలము. మార్చి మొదలు మే వరకు బండలు కాలిపోవుచుండగా పచ్చికమీది పిల్లపురుగులు మాడి నశించును. అయినను వంశము నశింపదు. కొన్ని పిల్లపురుగులు జింక కడుపుగోడలో చేరి, పెరుగక, గ్రుడ్లు పెట్టక, నిద్రించునట్లు కాలము గడపును. తొలకరి పడు వేళకు అవి మేల్కొనును. వానరాకను లోపలనుండియే అవి యెరిగినట్లు తోచును!

అయినచో ఎండకాలము జింకలకు క్షేమకరమని తలంపరాదు. ఎండలలో వాగులు ఎండును, కుంటలు ఇంకిపోవును. అడవి యంతటికి నాలుగైదు నీటిమడుగులు మిగులును. అంతకుముందు చెదరియుండిన మందలన్నియు ఆ మడుగుల చుట్టును గుమిగూడును. గట్టునందలి పచ్చిక ఎంతో కొద్ది. దానిమీదనే అన్నిటి పెంటికలును పడును. ఆ నాలుగు బారల తడినేలమీద పురుగులు బ్రతికియుండును. అదిగాక ఆకలి యొకటి. రక్తము తిరిగి పుట్టుటకు మాంసకృత్తులు కావలెను. ఎండుగడ్డిలో అవి మిక్కిలి తక్కువ. మేత సమృద్ధిగా నున్నప్పుడు లెక్కచేయని నట్టలే కరవులో ప్రాణముతీయును. మృతదేహమును పరీక్షించి, ఇది ఆకలిచావా, నట్టలచావా యని తేల్చుట కష్టము. తరచుగా రెండును గలసియే యుండును.

చెరువుగట్టుల చెంత మరియొక అపాయము కలదు. కాలేయపు జలగ తన జీవితములో కొంతభాగమును మంచినీటి నత్తలో గడపును. నత్తనుండి వెలువడిన పిల్లలు నీటియొడ్డు గడ్డికి అంటుకొని పొరకప్పుకొని వేచియుండును. చెరువునీరు తగ్గి, మొలిచిన పచ్చికకు పశువులు దిగినపుడు అవి కడుపులో చేరును. నత్త లేనిచోట ఈ జలగ లేదు.

జింకలన్నియు నట్టలకు సమానముగా లోబడవు. చుక్కలదుప్పి మందగా బ్రతుకును. బయళ్లలోని పొట్టిగడ్డి దానికి ప్రియము. పిల్లపురుగులలో హెచ్చుపాలు నేలకు బెత్తెడెత్తులోపలనే యుండును గనుక పొట్టిగడ్డి మేయువానికే అవి ఎక్కువగా అంటును. కణుజు ఒంటరిగనో, చిన్నగుంపులుగనో తిరుగుచు, గడ్డితోపాటు పొదల ఆకును, కాయలను, బెరడును తినును. తలయెత్తి తినువానికి నేలమీది పురుగుతో పని తక్కువ. కాని దక్షిణదేశపు అడవులలో లాంటానా కంప అల్లుకొనిపోయి పచ్చికబయళ్లను మ్రింగివేయుచున్నది. అట్టిచోట మిగిలిన కొద్దిమేర గడ్డిపైననే దుప్పులన్నియు మేయవలసివచ్చును.

అడవియంచున గొఱ్ఱెలు, మేకలు, ఆవులు మేయుచున్నవి. పుంగనూరు ఆవు పేరు వినని వారుండరు. మీటరు ఎత్తైనను లేని ఆ పొట్టిజాతి, ఎండుగడ్డితో కాలము గడపి పాలిచ్చుటచే ప్రసిద్ధి చెందినది. ఆ జాతిని కాపాడుటకు పలమనేరులో పశుపరిశోధనస్థానము కలదు. ఆవునకు దుప్పియెవరో తెలియకపోయినను, నట్టకు మాత్రము తెలియును! హీమాంకస్ గొఱ్ఱె కడుపునను, మేక కడుపునను, దుప్పి కడుపునను ఒకే విధముగా కాపురము చేయగలదు. పగలు గొఱ్ఱెలు మేసిన బీడులో రాత్రి దుప్పులు మేయును. ఇచ్చటి నట్టలు అచ్చటికిని, అచ్చటివి ఇచ్చటికిని పోవుటకు ఏ కంచెయు అడ్డుకాదు.

లోకమంతటను వేడి హెచ్చుచుండుటచే ఈ లెక్కలు తారుమారగుచున్నవి. చలిదేశములలో ఇది ప్రస్ఫుటముగా కనబడినది. ఫిన్లండు దేశమున 2003వ సంవత్సరమున దోమలు వ్యాపింపజేయు ఒక దారపుపురుగు రెయిన్‌డీర్ అను మంచుజింకలలో చెలరేగెను. వేసవి వెచ్చగా నుండుట దానికి తోడ్పడెను. అమెరికాలో మూస్ అను మహాజింకకు శీతకాలపు పిడుదు శత్రువు. వసంతారంభమున ఆడుపిడుదులు రక్తముతో నిండి నేలరాలును. నేల మంచుతో కప్పబడియున్నచో అవి చచ్చును. శిశిరము కుఱుచయైనచో బ్రతికి గ్రుడ్లుపెట్టును. మెయిన్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రములలో 2014 మొదలు 2016 వరకు పరిశీలించిన మూస్ పిల్లలలో నూటికి 70 చచ్చిపోయెను. ఒక్కొక్క పిల్లపై పదివేలకొలది పిడుదు లుండెను.

మన ప్రాంతమున అదేవిధముగా జరుగునని చెప్పరాదు. ఇచ్చట వేడికి కొదవలేదు. ఎండ మరికొంచెము ముదిరినచో పచ్చికమీది పురుగులు మరింత త్వరగా చచ్చును. అది జింకకు మేలే. ఇచ్చటి చిక్కంతయు వాన యొక్క సమయమునందున్నది. రాయలసీమ కరవునకు పేరువడినది. అయినను 2021వ సంవత్సరము నవంబరులో చిత్తూరు, కడప ప్రాంతములలో కుండపోతగా వర్షములు కురిసెను, చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి పలువురు మరణించిరి. దీర్ఘమైన కరవులో చిక్కిపోయిన మందపై, ఒక్కసారిగా ఎడతెగని తడి వచ్చిపడినచో నట్టలకు కావలసిన రెండు వరములును దొరికినట్లే: బలహీనమైన కడుపు, తడిసిన గడ్డి.

జింకను పట్టుకొనకుండగనే దాని కడుపులోని సంగతి తెలిసికొనుట కొక సులభమైన మార్గము కలదు. క్రొత్తగా పడిన పెంటికలను ఏరి, తూచి, గాఢమైన ఉప్పునీటిలో కలిపినచో నట్టల గ్రుడ్లు తేలికగుటచే పైకి తేలును. వానిని సూక్ష్మదర్శినితో లెక్కించి, గ్రాము పెంటికకు ఇన్ని గ్రుడ్లని వ్రాసికొందురు. ఎండకాలమునను, తొలకరిలోను, కార్తీకమునను ఇట్లు లెక్కించినచో మంద యొక్క ఆరోగ్యపు పద్దు చేతికి వచ్చును.

మరి చికిత్స యెట్లు? అడవిజింకలకు మందు పెట్టుట సాధ్యమును గాదు, ఉచితమును గాదు. ఉప్పుగడ్డలో మందు కలిపి యుంచినచో బలమైన మగదుప్పి అధికముగా నాకును, చిక్కిన పిల్లకు అందనే అందదు. అరకొర మోతాదుకు అలవాటుపడిన నట్టలు మందునకు లొంగకపోవును. చేయదగిన పని అడవి వెలుపలనున్నది. తొలకరికి ముందు గ్రామములలోని గొఱ్ఱెలకును మేకలకును పశువైద్యుని సలహాపై సరియైన మోతాదున నట్టలమందు త్రాగించుట ఒకటి. మందలకు ఊరివైపుననే నీటితొట్లు కట్టించి, అడవిమడుగులను జింకలకు విడుచుట రెండవది. కంప కొట్టివేసి పచ్చిక పెరుగనిచ్చుట మరియొకటి. ఇది అన్నిటికంటె శ్రమతో కూడినది.

మందు ఎంచుకొనుటలోను వివేచన కావలెను. పశువుల నట్టలకు వాడు కొన్ని మందులు పేడతో బయటపడి పేడపురుగులను చంపును. పేడపురుగు పేడను ఉండలుచేసి నేలలో పాతిపెట్టును, మిగిలినదానిని చెదరగొట్టి ఎండునట్లు చేయును. ఆ విధముగా లెక్కలేనన్ని నట్టగ్రుడ్లు పగులకముందే నశించును. కూలి అడుగక దుప్పులకు ఊడిగము చేయుచున్న ఆ నల్లని పురుగు వానకాలపు ఉదయములలో కౌండిన్యవనపు బాటలపై ఉండను వెనుకకాళ్లతో నెట్టుకొనిపోవుచు కనబడును.