గీజరు వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయా? మూయించకండి!



చలికాలం వస్తే మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఇంటింటా వేడినీళ్ల అవసరం పెరుగుతుంది. బాలింతలు, పసిపిల్లలు, కీళ్లనొప్పులున్న పెద్దలు ఉన్న ఇళ్లలోనైతే ఏడాది పొడవునా కావలసిందే. ఒకప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టేవాళ్లం. ఇప్పుడు చాలా ఇళ్లలో స్నానాల గదిలో గీజరు బిగించుకుంటున్నాం.

తెలిసినవారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి అమ్మగారు, "గీజరు కింద చుక్కలు పడుతున్నాయండీ. ప్లంబరును పిలిస్తే ఆ రంధ్రానికి బిరడా బిగించి వెళ్లాడు. ఇప్పుడు ఒక్క చుక్క పడటం లేదు" అని సంతోషంగా చెప్పారు. ఆ గదిలోనే రోజూ మనవడికి నీళ్లు పోస్తారు. ఆ బిరడా తీయించేదాకా మాకు మనసు కుదుటపడలేదు. కారణం మీరూ తెలుసుకోవాలి.

చుక్కలు ఎందుకు పడతాయి?

కాగులో నీళ్లు మరిగితే ఆవిరి మూతను ఎత్తుకుని బయటికి పోతుంది. గీజరు ట్యాంకు అలా కాదు, అన్నివైపులా మూసి ఉంటుంది. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీల దాకా కాస్తే సుమారు 400 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసుల మేర పెరుగుతాయి. వెనక్కి పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు సేఫ్టీ వాల్వు కొద్దిగా తెరుచుకుని ఆ ఎక్కువ నీటిని వదిలేస్తుంది.

కాబట్టి నీళ్లు కాగేటప్పుడు కొన్ని చుక్కలు పడటం లోపం కాదు, వాల్వు పనిచేస్తోందనడానికి గుర్తు. స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వులో సున్నం చేరి ఉండవచ్చు, లేదా మోటారు వల్ల నీటి ఒత్తిడి ఎక్కువై ఉండవచ్చు. అప్పుడు మెకానిక్‌ను పిలిపించి బాగు చేయించాలి. మూయించకూడదు.

మూస్తే ఏమవుతుంది?

నీళ్లు తగినంత కాగగానే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది. అది చెడిపోతే థర్మల్ కటౌట్ ఆపాలి. అదీ పనిచేయకపోతే మిగిలే దిక్కు సేఫ్టీ వాల్వే. ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ట్యాంకు పగిలిన క్షణంలో వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. అందుకే అది పేలుడు అవుతుంది. 1982 జనవరి 19న అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని స్పెన్సర్ అనే ఊరి పాఠశాలలో వేడినీళ్ల ట్యాంకు పేలి ఏడుగురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలే.

గొట్టం ఎలా ఉండాలి?

1. వాల్వు నుంచి వచ్చే గొట్టం చివరిదాకా కిందికి వాలుగా ఉండాలి. మధ్యలో కుళాయి, బిరడా, మడత ఉండకూడదు.

2. వాల్వు రంధ్రం కంటే గొట్టం సన్నగా ఉండకూడదు. రాగి లేదా జీఐ గొట్టం మంచిది. మామూలు పీవీసీ గొట్టం మరిగే నీళ్లకు మెత్తబడిపోతుంది.

3. గొట్టం చివర ఎప్పుడూ తెరిచి, కంటికి కనిపించేలా ఉండాలి. నేలకు దగ్గరగా, తూము వైపుకు వదలాలి. స్నానానికి కూర్చునే చోట, బట్టలు ఉతికే చోట, మనుషులు నడిచే దారిలో పడకూడదు.

ఇంగ్లండులో పెద్ద వేడినీళ్ల సిలిండర్లకు మధ్యలో గరాటు లాంటి ఖాళీ ఉంచుతారు. నీళ్లు పడుతున్నాయో లేదో ఇంటివారికి వెంటనే తెలియాలనే ఆ ఏర్పాటు.

బోరు నీళ్లు వాడేవారికి

ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు వాల్వును, కాయిల్‌ను త్వరగా పట్టేస్తాయి. ఏడాదికి ఒకసారి, చలికాలానికి ముందే, మెకానిక్ చేత సున్నం తీయించి వాల్వును పరీక్షింపజేయండి. కొత్త గీజరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. ఎర్తింగు తప్పనిసరి.

కాలితే ఏం చేయాలి?

60 డిగ్రీల నీళ్లు ఐదు సెకన్లు తగిలితే చాలు, పెద్దవారికే చర్మం లోతుగా కాలుతుంది. పసిపిల్లల చర్మం పలుచన కనుక ఇంకా త్వరగా కాలుతుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపండి.

కాలినచోట వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చన్నీళ్లు పారనివ్వండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను లాగకండి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, నూనె రాయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, పిల్లలైతే గాయం చిన్నదైనా ఆసుపత్రికి తీసుకురండి. గాయం పెద్దదైతే 108కి ఫోను చేయండి.

ఇంటికి వెళ్లగానే గీజరు కింద ఒక్కసారి చూడండి. ఆ రంధ్రం మూసి ఉంటే స్విచ్ వేయకండి. ముందు మెకానిక్‌ను పిలవండి.