హోరు తగ్గించండి – చెవులు దక్కించుకోండి

ఆమధ్య ఒకాయన భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. వెంటబెట్టుకుని అన్నది మాటవరసకే. నిజానికి ఆమే ఆయన్ని లాక్కొచ్చింది.

"ఈయనకు వినపడటం లేదు డాక్టరుగారూ! సంచి తెమ్మంటే కంచం తెస్తున్నారు. టీవీ పెడితే వీధి వీధంతా వింటోంది" అన్నదామె.

"నా చెవులకేం లోపం లేదండీ. ఇంట్లో అందరూ గొణుగుతున్నారు. మాట స్పష్టంగా పలకడం మానేశారు" అన్నారాయన.

ఆయన వయస్సు నలభై ఎనిమిది. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఇనప బీరువాలు చేయించి రంగు కొడతారు. పన్నెండేళ్లుగా గాలిమిషను, అంటే కంప్రెసర్, పక్కనే నిలబడి పని. మొదట్లో సాయంత్రం పని ఆపాక చెవుల్లో 'గుయ్'మని మోత ఉండేదట. తెల్లవారేసరికి పోయేదట. ఇప్పుడు పోవటం లేదు. వినికిడి పరీక్ష చేయిస్తే కాగితం మీద గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. హోరులో పనిచేసేవారి చెవి సాధారణంగా మొదట దెబ్బతినేది అక్కడే.

లోపల జరిగేదేమిటి?

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న ఒక భాగం ఉంది. అందులో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి ఇవే. గాలికి పైరు వాలి మళ్లీ లేచినట్లు, ఒకనాటి హోరుకు ఇవి అలసిపోయి, విశ్రాంతి దొరికితే తేరుకుంటాయి. ఏళ్ల తరబడి రోజూ అదే హోరు అయితే చచ్చిపోతాయి. పోయిన పైరును మళ్లీ నాటుకోవచ్చు. పోయిన రోమకణం మనిషికి మళ్లీ పుట్టదు. దాన్ని మొలిపించే మందు ఈనాటికీ లేదు. వినికిడి మిషను శబ్దాన్ని పెంచుతుందే కాని, పాత స్పష్టతను పూర్తిగా తెచ్చివ్వలేదు.

ముందుగా పోయేవి సన్నని శబ్దాలు. స, ష, త వంటి అక్షరాలు, ఆడవారి గొంతు, పిల్లల మాట. అందుకే ఇంట్లో అందరూ గొణుగుతున్నట్లు అనిపిస్తుంది.

ఎంత మోత, ఎంతసేపు?

మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. చిన్న గాలిమిషనులు చాలావరకు 80 నుంచి 90 దాకా మోగుతాయి. రోజుకు 8 గంటలపాటు 85 డెసిబెల్స్ దాటరాదని నిపుణుల సలహా. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా శబ్దశక్తి రెట్టింపవుతుంది కనుక, పని గంటలు సగానికి తగ్గాలి. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక్క గంటే. దీన్నిబట్టి 3 డెసిబెల్స్ తగ్గించినా చెవికి ఎంత మేలో ఊహించుకోండి.

కొలిచే పరికరం లేకపోయినా ఫరవాలేదు. చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే ఆ హోరు చెవికి చేటు అని తెలుసుకోండి.

ముందు మిషనుకు వైద్యం

చెవిలో దూది పెట్టుకుంటే సరిపోతుందా అని ఆయన అడిగారు. దూది హోరును ఆపలేదు. ముందు వైద్యం చేయవలసింది మిషనుకు. ఈ కింది సంగతులు అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్కు నాకు విడమరచి చెప్పినవి.

మొదటిది దూరం. ఆరుబయట దూరం రెట్టింపయితే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. షెడ్డులో అంత తగ్గదు, రేకులు శబ్దాన్ని తిప్పికొడతాయి. కనుక మిషనును గోడ అవతల, వాన తగలని చోట పెట్టి, గాలి గొట్టాన్ని లోపలికి తెచ్చుకోండి. కరెంటు వైరు పొడిగించడం కన్నా గాలి గొట్టం పొడిగించడం మోటారుకు మేలు. అయితే మీ హోరును పొరుగువారి పడకగది గోడకు అంటగట్టకండి.

రెండవది, మిషను గాలి పీల్చే నోరు. పిస్టను పీల్చినప్పుడల్లా వచ్చే 'ధబ్ ధబ్' శబ్దం చాలావరకు ఇక్కడిదే. ఆ నోటికి మందపాటి రబ్బరు గొట్టం బిగించి, రెండో కొసను బయటికి తెచ్చి, ఫిల్టరును ఆ కొసకు పెట్టించండి. గొట్టం నోటికన్నా సన్నగా ఉండరాదు. ఉంటే మోటారు ఆయాసపడుతుంది. రంగు ఆవిర్లు, వాన నీరు పీల్చే చోట ఆ కొస పెట్టకండి. ఈ మార్పు పీల్చే వైపు మాత్రమే. గాలి బయటికి వచ్చే వైపు గొట్టం మండే వేడిగా, ఒత్తిడితో ఉంటుంది. దాన్ని ముట్టుకోరాదు.

మూడవది అదురు. కాళ్ల కింద పాత టైరు ముక్కలు గాని మందపాటి రబ్బరు బిళ్లలు గాని వేయండి. వదులైన బోల్టులు, బెల్టు మీది జాలీ బిగించండి. ట్యాంకు గోడకు తగలనీయకండి.

నాలుగవది లీకులు. అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే, బుడగలు వచ్చిన చోట గాలి పోతున్నట్లు. లీకు మానితే మిషను మాటిమాటికీ లేవదు. హోరు తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

కొందరు పెట్టె చేయించి మిషనును అందులో మూసేస్తారు. మందపాటి ప్లైవుడ్డు పెట్టె, లోపల రాక్‌ఊల్ పరిస్తే శబ్దం బాగానే అణుగుతుంది. ధర్మోకోలు, కోడిగుడ్ల అట్టలు మాత్రం దండగ. అవి తేలికైనవి, హోరును ఆపలేవు. కాని గాలి ఆడని పెట్టెలో మోటారు మాడిపోతుంది. కింద ఒక దారి, పైన ఒక దారి, ఒక చిన్న ఫ్యాను తప్పనిసరి.

కొత్తది కొనేవారు నూనె పోసే, బెల్టుతో తిరిగే మిషను చూసుకోండి. అది నెమ్మదిగా తిరుగుతుంది కనుక, అతివేగంగా తిరిగే నూనె లేని చిన్న రకాలకన్నా సాధారణంగా తక్కువ మోగుతుంది.

ఏం చేసినా సేఫ్టీ వాల్వు జోలికి పోకండి. రోజూ పని అయ్యాక ట్యాంకు అడుగున చేరిన నీటిని వదలండి. తుప్పు పట్టిన ట్యాంకు పేలిందంటే పోయేది చెవులు మాత్రమే కాదు.

తరువాత చెవికి

ఇన్ని చేసినా మిగిలిన హోరుకు ఇయర్‌మఫ్‌లు గాని, స్పాంజి బిరడాలు గాని వాడాలి. బిరడాను సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. గాలి తుపాకీతో దుమ్ము ఊదే 'స్‌స్‌' శబ్దం ఒక్కోసారి మిషనును మించిపోతుంది, అప్పుడు కూడా వాడాలి. ఆ గాలితో ఒంటి మీది దుమ్ము ఎన్నడూ ఊదుకోవద్దు. కంటికి, చెవికి, చర్మానికి ప్రమాదం.

మనదేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఆ వేళల్లో మిషను వేయకపోవడం చట్టానికీ మంచిది, పక్కింట్లో చదువుకునే పిల్లలకూ మంచిది.

హోరులో పనిచేసేవారు ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం రేపు మాపు అనకుండా ఆరోజే చెవి వైద్యుని చూడాలి.

ఆయన మిషను గోడ అవతలికి మారింది. మళ్లీ వచ్చినప్పుడు పరీక్ష చేస్తే గీత ఎక్కడిదక్కడే ఉంది. పోయినది రాలేదు. రాదని నేను ముందే చెప్పాను. ఉన్నది నిలిచింది, అదే లాభం. ఈసారి ఆయనతోపాటు, కాలేజీ నుంచి వచ్చి షెడ్డులో సాయంచేసే కొడుకు కూడా వచ్చాడు. అతని గీత తిన్నగా ఉంది.

"వీడి చెవులైనా దక్కాయి డాక్టరుగారూ!" అన్నదా తల్లి. ఈసారి ఆయనకు ఆ మాట బాగానే వినపడింది.